ఈ మాట నర్స్ చెప్పొచ్చా?

"ఇంత పెద్ద విషయం, డాక్టర్ మొహమైనా చూపించకుండా నర్స్ చేత చెప్పించారు." అమెరికాలో అమ్మకో నాన్నకో క్యాన్సర్ బయటపడిన తెలుగు ఇళ్లలో తరచూ వినబడే మాట ఇది. ఆ బాధ నిజమే. కానీ చెప్పింది నర్స్ ప్రాక్టీషనర్ (ఎన్‌పీ, అంటే పైచదువు చదివి వైద్యం చేసే లైసెన్సున్న నర్స్) అయితే ఆవిడ హద్దు దాటినట్టు కాదు. జబ్బేమిటో నిర్ధారించడం, అది ఎటు పోతోందో రోగికి చెప్పడం ఆవిడ లైసెన్సులో ఉన్న పనే. సెలైన్ పెట్టి, మందులిచ్చే రిజిస్టర్డ్ నర్స్ (ఆర్‌ఎన్) సంగతి వేరు. డాక్టరో ఎన్‌పీయో చెప్పినదాన్ని వాళ్లు విడమరచగలరు గానీ తమంతట తాము జబ్బు పేరు పెట్టలేరు. అందుకే ముందు బ్యాడ్జి చూడండి, ఆర్‌ఎన్ అని ఉందా, ఎన్‌పీ అని ఉందా.

ఈ గీత మీద కోర్టుల దాకా వెళ్లారు. ఐడహోలో ఒక లుకేమియా రోగితో కీమో కాకుండా వేరే మార్గాల గురించి మాట్లాడిందని ఒక రిజిస్టర్డ్ నర్స్ లైసెన్సును ఆరు నెలలు ఆపేశారు. అలా మాట్లాడటం తప్పని చట్టం ముందే హెచ్చరించలేదంటూ 1979లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచింది. ఇవాళ న్యూయార్క్‌లో చట్టమే చెప్పమంటోంది. ఆరు నెలల్లో ప్రాణం పోవచ్చని తేలిన రోగికి ముందున్న దారులేమిటో, ఒక్కోదానితో ఏం జరగొచ్చో, నొప్పి తగ్గించుకునే హక్కేమిటో చెబుతామని తామే ముందుకు రావడం అక్కడ 2011 నుంచి బాధ్యత. వైద్యం చూస్తున్నది డాక్టరైనా ఎన్‌పీ అయినా ఆ బాధ్యత ఒక్కటే. రోగి వద్దంటే బలవంతం లేదు.

ఎన్‌పీ అధికారం ఆగేది సంతకం దగ్గర. ప్రభుత్వ బీమా మెడికేర్ కింద, చివరి దశలో నొప్పి తగ్గించి చూసుకునే హాస్పిస్‌లో చేరాలంటే ఆయుష్షు ఆరు నెలలో అంతకన్నా తక్కువో అన్న ధ్రువీకరణ డాక్టరే ఇవ్వాలి. నెలల తరబడి చూసుకుని, కూర్చోబెట్టి చెప్పిన ఎన్‌పీ ఆ కాగితం మీద సంతకం పెట్టలేరు. నాకిది సబబుగా తోచదు. అంతమాత్రాన ఆవిడ చెప్పిన మాట చెల్లదనుకోకండి.

అసలు దెబ్బ తగిలేది భాష దగ్గర. ఎన్‌పీ "ట్రీటబుల్" అంటారు. పక్కనున్న కొడుకు "మందుందంటమ్మా" అంటాడు. అమ్మ చెవికి అది "తగ్గిపోతుంది" అని చేరుతుంది. ఎన్‌పీ అన్నది జబ్బును కొన్నాళ్లు అదుపులో పెట్టొచ్చని మాత్రమే. పూర్తిగా నయమయ్యేదైతే "క్యూరబుల్" అనేవారు. కొడుకు అబద్ధమాడలేదు, అయినా ఇండియా ప్రయాణం వాయిదా పడుతుంది, ఒంట్లో ఓపికున్న నెలలు కీమో కుర్చీలో గడిచిపోతాయి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు అర్హతున్న దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు" అని రాయించండి. "ఇండియన్" అని రాసుకుంటే ఫోన్లో హిందీ దుబాసీ రావచ్చు.

"అమ్మకు చెప్పొద్దండీ" అని గది బయట ఎన్‌పీని బతిమాలితే ఆవిడకు ఇబ్బందే, ఎందుకంటే తెలుసుకునే హక్కు అమ్మది. దారి లేకపోలేదు. దుబాసీ ద్వారా అమ్మనే అడిగించండి: "రిపోర్టు సంగతులు మీకు చెప్పమంటారా, మీ అబ్బాయికి చెబితే చాలా?" "వాడికే చెప్పండి" అంటే అదీ ఆమె నిర్ణయమే, చార్టులో రాస్తారు. ఈ ప్రశ్న బయాప్సీకి ముందే పడాలి. 2021 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ నియమం వల్ల రిపోర్టు తయారవగానే చాలాచోట్ల ఆసుపత్రి ఆన్‌లైన్ పోర్టల్‌లో పడిపోతుంది, ఎవరూ ఫోన్ చెయ్యకముందే. రిపోర్టు ఎవరు తెరవాలో, అపాయింట్‌మెంట్ దాకా ఆగాలో ఇంట్లో ముందే అనుకోండి.

ఎదురుగా కూర్చున్నప్పుడు "ఎన్నాళ్లు?" అంటే కచ్చితమైన అంకె రాదు, రాకూడదు కూడా. "రోజులా వారాలా, వారాలా నెలలా, నెలలా ఏళ్లా?" అని అడగండి. జవాబొచ్చాక మీకు అర్థమైనది మీ మాటల్లో తిరిగి చెప్పి, సరేనా అని అడగండి. "మందుంది" లాంటి తేడా ఉంటే ఎన్‌పీ అక్కడికక్కడే సరిదిద్దుతారు.