బుడమేరు వరదలో వాట్సాప్ గ్రూపు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిన్ని వాళ్ళు మేడ మీద చిక్కుకుపోయారు. నేనేమో హైదరాబాద్‌లో ఉన్నాను. ప్రకాశం బ్యారేజీకి కృష్ణా వరద 11 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో చెప్తున్నారు గానీ, పిన్ని వాళ్ళ సందులో నీళ్ళు ఎంత లోతున్నాయో ఏ ఛానల్ చెప్తుంది? అది వాట్సాప్ గ్రూపులోనే తెలిసింది. "పాల ప్యాకెట్ల పడవ మెయిన్ రోడ్డు దాకానే వస్తోంది", "మా పక్కింటి పెద్దాయనకి ఇన్సులిన్ అయిపోయింది" అని ఒకరు రాస్తే, ముక్కూ మొహం తెలియనివాళ్ళు లొకేషన్ అడిగి మరీ పంపించారు. ఆ మేలు మర్చిపోలేను.

అదే గ్రూపులో, నీళ్ళు తీశాక, జనం ఇళ్ళు కడుక్కుంటుంటే ఒక వాయిస్ మెసేజ్: "కట్ట మళ్ళీ తెగింది, పారిపోండి!" ఎంత ధీమా ఆ గొంతులో! బురద ఆరని సామాన్లు మళ్ళీ మేడెక్కాయి. అదంతా పుకారని అధికారులు చెప్పేదాకా పిన్నికి ఒకటే టెన్షన్.

బాగా చక్కర్లు కొట్టిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ 2020లోనే కట్టడి పెట్టింది. ఏం లాభం? ఆ ఒక్క చాట్ రెండొందల మంది ఉన్న గ్రూపైతే సరి!



ఇప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో ఏం వచ్చినా "ఎవరు చూశారు, ఎప్పుడు, ఎక్కడ?" అని అడుగుతున్నాను. బాబాయ్ నాకు సీబీఐ అని పేరు పెట్టాడు.