మాల మెడలో ఉన్నన్నాళ్లు

1998 డిసెంబర్. నాకు తొమ్మిదేళ్లు. పదేళ్లు నిండితే ఆడపిల్లని శబరిమల తీసుకెళ్లరు, ఈ ఏడు తప్పితే మళ్లీ కుదరదని నాన్న నాకూ మాల వేయించాడు. నాన్న మాల వేయడం అది నాలుగో ఏడు, అంటే గద స్వామి. మొదటిసారి వేసిన ఆడపిల్లని కాబట్టి నేను కన్నె మాళికాపురాన్ని.

మా నాన్న తాగేవాడు. పండక్కీ పబ్బానికీ కాదు, రోజూ. గేటు గొళ్లెం చప్పుడుని బట్టి ఆ రోజు ఎంత తాగాడో నేనూ అమ్మా చెప్పేసేవాళ్లం, చప్పుడు గట్టిగా ఉంటే నేను పుస్తకాలు పట్టుకుని పక్కింటి మామ్మగారి దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. 1995లో మద్యనిషేధం వచ్చినప్పుడు అమ్మ చాలా ఆశపడిందట. నాన్నకి ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉండేది, 1997లో ఎత్తేశాక దాక్కోవాల్సిన పని కూడా లేకపోయింది.

కానీ మాల పడితే 41 రోజులూ చుక్క ముట్టడు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, నల్ల బట్టలు. అమ్మ "స్వామీ, భిక్షకి రండి" అని పిలిస్తే తల వంచుకుని వచ్చి కూర్చునేవాడు. మొదటి వారం హారతి పళ్లెం పట్టుకున్న చెయ్యి వణికేది, రాత్రంతా చెమటలు. అదంతా భక్తి అనుకున్నా. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే అలాగే వణుకుతారని, ఫిట్స్ కూడా రావచ్చని, డాక్టర్ చూసుకుంటూ ఉండగా మాన్పించాలని పెద్దయ్యాక తెలిసి చాలా భయమేసింది. అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

తెనాలిలో ఇరుముడి కట్టుకుని బస్సెక్కాం. కాణిపాకం, పళని చూసుకుంటూ ఎరుమేలి చేరాం. అక్కడ ముఖాలకి రంగులు పూసుకుని, చెక్క బాణాలు పట్టుకుని "స్వామి తింతకతోం, అయ్యప్ప తింతకతోం" అంటూ అందరూ గంతులేస్తుంటే నాన్న కూడా వేశాడు. నాన్న తూలుతుంటే చూసినదాన్నే గానీ అలా ఎగురుతుంటే ఎప్పుడూ చూడలేదు, నవ్వాగలేదు నాకు.

పంపలో మునిగి నీలిమల ఎక్కుతుంటే రాళ్లకి నా పాదాలు కోసుకుపోయాయి. నా ఇరుముడి నా నెత్తినే పెట్టుకోమని, నన్ను చంక నేసుకుని అప్పాచిమేడు దాకా మోశాడు. శరంకుత్తి దగ్గర నా బాణం గుచ్చించి కథ చెప్పాడు. కన్నె స్వామి ఒక్కడూ రాని ఏడు పెళ్లి చేసుకుంటానని అయ్యప్ప మాళికాపురత్తమ్మకి మాటిచ్చాడట, ఆవిడ ఏటా ఇక్కడిదాకా వచ్చి, కన్నె స్వాములు గుచ్చిన ఈ బాణాలు చూసి వెనక్కి వెళ్లిపోతుందట. అది వింటుంటే నాకెందుకో మా అమ్మ గుర్తొచ్చింది.

పద్దెనిమిది మెట్ల మీద పోలీసు ఒకాయన నన్ను రెక్క పట్టుకుని పైకి లాగేశాడు, దర్శనం సరిగ్గా గుర్తే లేదు. ఆ రాత్రి గుర్తుంది. సన్నిధానంలో గచ్చు మీద పడుకుని, నిద్రపోతున్నాడనుకుని నాన్న నోటి దగ్గర వాసన చూశా. కర్పూరం, విభూతి. నాన్న కళ్లు తెరిచే ఉన్నాయి.

"స్వామీ, మాల తీయకుండా ఉంచేసుకోకూడదా?"

"పడుకో మాళికాపురం" అని అటు తిరిగిపోయాడు.

అంతకుముందు మూడేళ్లూ మాల తీసిన సాయంత్రమే తాగొచ్చాడు. ఆ ఏడూ అంతే జరిగింది. తాగిన నాన్న మీద కంటే ఆ 41 రోజుల నాన్న మీదే నాకు ఎక్కువ కోపం, ఆయన పోయి ఇన్నేళ్లయినా తగ్గలేదు. ఆ మనిషిని చూసి ఉండకపోతే మా నాన్న ఇంతే అనుకుని ఊరుకునేదాన్ని.

తిరుగు ప్రయాణంలో ఒంగోలు దాటాక టైరు పంక్చరైంది. స్టెప్నీలో గాలి లేదు. ఇంటికి ఆలస్యమవుతోందని అందరూ విసుక్కుంటున్నారు. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని రోడ్డు పక్కన పొగాకు చేలు చూపిస్తున్నాడు. నేను మెడలో మాల పట్టుకుని, ఆ టైరు సాయంత్రం దాకా బాగవకూడదని అయ్యప్పకి మొక్కుకుంటున్నాను.