బండికి యూఎస్‌బీ సాకెట్: కరెంటు ఎక్కడ తీసుకోవాలన్నదే అసలు పని

బైకు హ్యాండిల్ మీద ఫోను ఛార్జర్ బిగించడం పది నిమిషాల పని అంటారు అమ్మేవాళ్లు. బిగించడం వరకూ అది నిజమే, రెండు స్క్రూలు తిప్పితే అయిపోతుంది. కానీ దాని ఎర్ర వైరు వెనక్కి వెళ్లి దేనికి తగులుకుంది, మధ్యలో ఫ్యూజు ఉందా లేదా అన్నది చూసుకోకపోతే వారం తర్వాత సెల్ఫ్ పనిచేయదు, లేదా మొదటి వానకే బండి ఆగుతుంది.

బీఎస్-6 బళ్లలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన పెట్రోలు బళ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే. పాత కార్బురేటర్ బళ్లలో మెయిన్ ఫ్యూజు పోతే హారను, ఇండికేటర్లు, సెల్ఫ్ ఆగిపోయేవి గానీ చాలా మోడళ్లలో ఇంజను మాత్రం నడుస్తూనే ఉండేది. ఇంజెక్షన్ బండికి మెయిన్ ఫ్యూజు పోతే ఈసీయూకి (ఇంజన్ని నడిపించే కంప్యూటర్), పెట్రోలు పంపుకి ఒకేసారి కరెంటు ఆగుతుంది. ఫ్లైఓవర్ మధ్యలో, వెనక లారీ వస్తుండగా బండి చచ్చిపోతుంది. ఛార్జర్‌లోకి నీళ్లు పోయి షార్ట్ అయితే పోవాల్సింది ఛార్జర్ ఫ్యూజు ఒక్కటే, బండి ఫ్యూజు కాదు. మిగతా పనంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ఎంత కరెంటు కావాలి

ఫాస్ట్ ఛార్జింగ్ ఉన్న ఒక పోర్టు 18 వాట్లు ఇస్తుంది (9 వోల్టులు, 2 ఆంపియర్లు). లోపల వేడి రూపంలో పోయేది కలుపుకుంటే బండి నుంచి లాగేది సుమారు 21 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 1.7 ఆంపియర్లు. దీనికి 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. రెండు పోర్టులూ ఒకేసారి పూర్తిగా వాడితే 3.5 ఆంపియర్ల దాకా వెళ్తుంది కాబట్టి 5 వేయాలి. షాపులో 10 ఆంపియర్ల ఫ్యూజు చేతిలో పెడితే తీసుకోకండి. చాలా చిన్న బళ్ల మెయిన్ ఫ్యూజే 10 లేదా 15 ఉంటుంది, అప్పుడు ఏది ముందు పోతుందో చెప్పలేం.

21 వాట్లంటే చిన్నదేమీ కాదు. మామూలు హాలోజన్ హెడ్‌లైటు బల్బు 35 వాట్లు, అందులో సగానికి పైనే. హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలన్న నియమం 2017 ఏప్రిల్ నుంచి ఉంది కదా, ఆ భారం మీద ఇది అదనం. సిటీ ట్రాఫిక్‌లో, ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ (ఇంజను తిరిగితే కరెంటు పుట్టించేది) ఇచ్చేది తక్కువ. అందుకే 100, 125 సీసీ బళ్లకు ఒక పోర్టుతో సరిపెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. బిగించాక పరీక్ష సులువు: ఫోను ఛార్జింగ్‌లో పెట్టి, హెడ్‌లైటు వెలుగుతుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టండి. ఐడ్లింగ్‌లో 13 వోల్టులకు పైన ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. 12.5 కిందికి జారుతూ పోతుంటే సిగ్నల్ దగ్గర ఆగినంతసేపూ బ్యాటరీ తరుగుతోందన్నమాట. ఆక్సిలరేటర్ కొద్దిగా ఇస్తే 13.5 నుంచి 14.5 మధ్యకి రావాలి. రాకపోతే తప్పు ఛార్జర్‌ది కాదు, వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్‌నో, ఆల్టర్నేటర్ లోపలి స్టేటర్ కాయిల్‌నో ముందు చూపించుకోండి.

మరీ చవక ఛార్జర్లలో 2.1 ఆంపియర్లని రాసి ఉన్నా లోపల పాత రకం చిప్పు ఉండి అర ఆంపియర్ పైన ఇవ్వలేనివి ఉంటాయి. అంటే 5 వోల్టుల దగ్గర రెండున్నర వాట్లు. ఎండలో బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టి మ్యాప్ నడిపిస్తే ఫోను తినేదే అంతకంటే ఎక్కువ. ఛార్జింగ్ గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, శాతం తగ్గుతూనే ఉంటుంది. జనం దీన్ని వైరింగ్ తప్పనుకుని బండంతా విప్పిస్తారు. ముందు పొట్టిగా, మందంగా ఉన్న వేరే కేబుల్ పెట్టి చూడండి, తర్వాత ఛార్జర్ మార్చి చూడండి.

కరెంటు ఎక్కడ నుంచి

మూడు దారులున్నాయి.

మొదటిది నేరుగా బ్యాటరీకి కలపడం. ఆటో ఎలక్ట్రీషియన్లలో చాలామంది చేసేది ఇదే, ఎందుకంటే వెతుకులాట ఉండదు. చిక్కు ఏమిటంటే తాళం తీసేసినా ఛార్జర్ బతికే ఉంటుంది. చిన్న ఎల్‌ఈడీయో వోల్టు మీటరో ఉన్న ఛార్జర్ ఊరికే ఉన్నప్పుడు కూడా 20 మిల్లీ ఆంపియర్లు లాగగలదు. రోజుకి దాదాపు అర ఆంపియర్ అవర్ అయింది. 4 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న బండిని పండక్కి ఊరెళ్లి వారం వదిలేస్తే వచ్చేసరికి సెల్ఫ్ తిరగదు. స్విచ్చు ఉన్న ఛార్జర్ కొంత నయం, కానీ ఆపడం రోజూ గుర్తుండాలి.

రెండోది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు నుంచి తీసుకోవడం. ఒక్క యూఎస్‌బీ పోర్టుకి నేను చెప్పేది ఇదే. ముందు బ్రేకు లివర్ కింద ఉన్న స్విచ్చుకి రెండు సన్న వైర్లు వస్తాయి. ఒకదాంట్లో తాళం తిప్పగానే కరెంటు ఉంటుంది, రెండోదాంట్లో బ్రేకు నొక్కితేనే వస్తుంది. మనకి కావలసింది మొదటిది. హ్యాండిల్ మీదే దొరుకుతుంది కాబట్టి ట్యాంకు ఎత్తే పనే లేదు.

రంగు చూసి నమ్మకండి. హీరో, హోండా బళ్లలో తాళం తర్వాతి పాజిటివ్ నలుపు, ఎర్త్ (నెగటివ్) ఆకుపచ్చ. యమహాలో పాజిటివ్ బ్రౌన్, నలుపేమో ఎర్త్. ఒక బండి మీద నేర్చుకున్న చెయ్యి ఇంకో బండి మీద షార్ట్ చేసేది ఇక్కడే. మీటరుని 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్ర పిన్ను ఆ వైరుకి తాకించండి. తాళం తిప్పితే 12, తీస్తే సున్నా, బ్రేకు నొక్కినా వదిలినా మార్పు లేదు: అదే సరైన వైరు.

హెడ్‌లైటు వైరు జోలికి మాత్రం వెళ్లొద్దు. పాత చిన్న బళ్లలో చాలావాటికి హెడ్‌లైటుకి వచ్చేది ఆల్టర్నేటర్ నుంచి నేరుగా ఏసీ, ఇంజను వేగంతో పాటు ఎగిరిపడుతుంది. డీసీ ఛార్జర్ దానికి కలిపితే కాలిపోతుంది. అలాగే ఈసీయూకి, ఇంజెక్టర్‌కి, పెట్రోలు పంపుకి, సెన్సర్లకి వెళ్లే వైర్లు. అక్కడ కొద్దిగా వోల్టేజి పడినా చెక్ ఇంజన్ లైటు వెలిగి, సర్వీస్ సెంటర్లో కారణం దొరక్క తిప్పలు పడాలి. వారంటీ సంగతి సరేసరి.

మూడోది రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు. రెండు పోర్టుల ఛార్జర్, ఫాగ్ ల్యాంపులు, 12 వోల్టుల సాకెట్ ఇలా రెండు మూడు పెట్టాలనుకుంటే రిలే తప్పదు. 30వ పిన్నుకి బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు దాటిన వైరు, 87కి ఛార్జర్ పాజిటివ్, 85కి ఎర్త్, 86కి ఇందాక వెతికిన బ్రేకు స్విచ్చు వైరు. అయిదు పిన్నుల రిలేలో మధ్యనుండే 87ఏని ఖాళీగా వదలాలి. దానికి కలిపితే తాళం తీసినప్పుడు కరెంటు వచ్చి, తిప్పినప్పుడు పోతుంది. రిలే కాయిల్ కూడా 150 మిల్లీ ఆంపియర్ల వరకూ తింటుంది కాబట్టి ఒక్క చిన్న ఛార్జర్ కోసం రిలే పెట్టడం అనవసరమైన ఆర్భాటం.

సామాను

రాగి మల్టీస్ట్రాండ్ ఆటో వైరు, 0.75 చదరపు మిల్లీమీటర్లది, ఎరుపు రెండు మీటర్లు, నలుపు రెండు మీటర్లు. సీటు కింద నుంచి హ్యాండిల్ దాకా మీటరున్నర పడుతుంది, మిగిలింది వదులుకి. ఇంటి వైరింగుకి వాడే ఒంటి తీగ వైరు వద్దు, ఊగి ఊగి లోపల తెగుతుంది. వైరు కొనేటప్పుడు ఒక పోగుని చాకుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. ఇంకా నీళ్లు దూరని బ్లేడ్ ఫ్యూజు హోల్డరు ఒకటి, 3 ఆంపియర్ల ఫ్యూజులు మూడు (ఊదా రంగువి, 5 అయితే లేత గోధుమ రంగు), బ్యాటరీ బోల్టుకి సరిపడే రింగు లగ్గులు (వైరు చివర నొక్కే లోహపు రింగులు), సాధారణంగా 6 మిల్లీమీటర్లవి, బుల్లెట్ టెర్మినళ్లు, హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే వైరు మీద బిగుసుకునే గొట్టం), జిప్ టైలు. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో, విజయవాడలో ఆటోనగర్‌లో ఇవన్నీ దొరుకుతాయి.

లగ్గుల్ని క్రింపింగ్ ప్లయరుతో నొక్కాలి, మామూలు కటింగ్ ప్లయరుతో కాదు. నొక్కాక గట్టిగా లాగి చూడాలి, ఊడివచ్చేదయితే ఇప్పుడే రావాలి. సోల్డరింగ్ మీద చాలామందికి మోజు. కానీ కరిగిన సీసం పోగుల్లోకి పాకి వైరు అక్కడ బిరుసెక్కుతుంది, బండి అదురుకి సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుంది. వైరు కొయ్యకుండా పైన నొక్కేసే క్లిప్పు కనెక్టర్లు ఇంకా అధ్వానం. లోపలి బ్లేడు కొన్ని పోగుల్ని తెంపుతుంది, ఆ గాటులోంచి తేమ వెళ్లి చిలుము పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మరీ త్వరగా జరుగుతుంది.

బిగింపు

ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి, చివర్లో నెగటివ్ బిగించండి. పాజిటివ్ ముందు విప్పితే పానా జారి ఛాసిస్‌కి తగిలినప్పుడు నేరుగా షార్ట్.

ఫ్యూజు హోల్డరు ఎక్కడ పెట్టాలన్న దాంట్లోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఛార్జర్‌తో వచ్చే వైరులో ఫ్యూజు తరచుగా ఛార్జర్ పక్కనే ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ బ్యాటరీ నుంచి అక్కడి వరకూ ఉన్న మీటరు పైచిలుకు వైరుకి రక్షణ లేదు. ట్యాంకు కింద అది ఒరిసి ఛాసిస్‌కి తగిలితే ఫ్యూజుకి తెలియనే తెలియదు, వైరు మండుతుంది, పైన పెట్రోలు. బ్యాటరీ నుంచి తీసినా, బ్రేకు వైరు నుంచి తీసినా, కరెంటు తీసుకున్న చోటుకి జానెడు దూరం లోపలే ఫ్యూజు ఉండాలి.

ఎర్త్ వైరుని రంగు వేసిన ఏదో బోల్టు కింద దూర్చకండి. బ్యాటరీ నుంచి తీసేటప్పుడు నెగటివ్‌కే వేయండి. బ్రేకు వైరు దగ్గర తీసుకుంటే హెడ్‌లైటు డూమ్ (లైటు వెనకుండే డొప్ప) లోపల బండి ఎర్త్ వైరు దొరుకుతుంది.

వైరు లాగేటప్పుడు కంపెనీ వైరింగ్ గుత్తి వెళ్లిన దారినే వెళ్లండి. ట్యాంకు పూర్తిగా దించక్కర్లేదు, వెనక బోల్టు విప్పి నాలుగు వేళ్ల ఎత్తు లేపితే చాలు. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు పైపుని ఊడదీయకండి, అందులో ప్రెషర్ ఉంటుంది. సిలిండర్ హెడ్‌కి, సైలెన్సర్ పైపుకి దూరంగా ఉంచి, ట్యాంకు దింపేటప్పుడు వైరు నలగలేదని చేత్తో తడిమి చూడండి. స్టీరింగ్ మెడ దగ్గర జిప్ టై బిగించేముందు హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి పూర్తిగా తిప్పండి. ఏ వైపు తిప్పినా వైరు బిగుసుకోకూడదు. ఈ ఒక్కటి మరిచిపోయిన బళ్లలోనే కొన్నాళ్లకి యూటర్న్ కొట్టినప్పుడల్లా ఛార్జింగ్ పోయి వస్తుంటుంది.

ఛార్జర్ నోరు పైకి కాకుండా పక్కకో కిందికో ఉండేలా బిగించండి. వైరు ఛార్జర్‌లోకి వెళ్లేముందు చిన్నగా కిందికి వంగి పైకి వెళ్తే నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ పెట్టేవాడికి మూత గురించి పట్టదు, మీరే మూసి చూపించాలి.

టైరుకి గాలి పట్టే పంపు సంగతి

12 వోల్టుల గుండ్రటి సాకెట్ కొనేవాళ్లలో చాలామంది మనసులో ఉండేది టైరు పంపు. అది 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. 0.75 వైరు మీద అంత లాగితే పోను రాను మూడు మీటర్లలో ముప్పావు వోల్టు పోతుంది, వైరు వేడెక్కుతుంది. పైగా ఆ గుండ్రటి సాకెట్ కార్ల కోసం పుట్టింది, గతుకుల రోడ్డు మీద ప్లగ్గు వదులై బయటికి వస్తుంది. పంపు కావాలంటే హ్యాండిల్ మీద వద్దు. సీటు కిందే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు, రెండు పిన్నుల కనెక్టరు పెట్టి మూత వేసి ఉంచండి. వాడేటప్పుడు ఇంజను ఆన్‌లో ఉండాలి. అయిదు ఆంపియర్ అవర్‌లోపు బ్యాటరీ ఉన్న బండికి ఇది కూడా వద్దు, సొంత బ్యాటరీ ఉన్న పంపు కొనుక్కోవడం తెలివైన పని.

మే నెల ఎండలో ఫోను స్టాండులో పెట్టి ఛార్జ్ చేస్తుంటే మధ్యలో ఛార్జింగ్ ఆగిపోవడం లోపం కాదు, ఫోను తనే వేడి చూసి ఆపుకుంటుంది. వైర్‌లెస్ ఛార్జింగ్ స్టాండ్లు ఇంకా వేడి పుట్టిస్తాయి, తెలుగు రాష్ట్రాల ఎండల్లో వాటికి ఖర్చు పెట్టడం దండగ. పెద్ద ఇంజన్ల అదురు వల్ల కెమెరా స్టెబిలైజేషన్ దెబ్బతినవచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది, కాబట్టి రబ్బరు డ్యాంపర్ ఉన్న స్టాండు తీసుకోండి.

అంతా బిగించాక, తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ లగ్గు విప్పి ఆ లగ్గుకీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టండి. మొదట 10 ఆంపియర్ల రేంజిలో, తర్వాత మిల్లీ ఆంపియర్లలో. ఛార్జర్ ఫ్యూజు పెట్టినప్పుడూ తీసినప్పుడూ రీడింగు ఒకేలా ఉండాలి. తేడా వస్తే తాళంతో సంబంధం లేని వైరుకి తగిలించారన్నమాట. మీటరు అలా మధ్యలో ఉండగా సెల్ఫ్ మాత్రం నొక్కకండి, మీటరు ఫ్యూజు పోతుంది. పది పదిహేను రోజులు నడిపాక బ్యాటరీ లగ్గుల బోల్టుల్ని ఇంకోసారి బిగించండి, అదురుకి మొదట వదులయ్యేవి అవే.