ఫోన్‌లో 'ప్లంబర్' అని దాచుకున్న నంబర్

మీటింగ్ ఎక్కడ జరుగుతుందో కనుక్కోవడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. వెళ్లడానికి నాలుగు నెలలు పట్టింది. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి ఒకరికొకరు ఆసరాగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) వాళ్ల నంబర్ ఫోన్‌లో దాచుకున్నాను, ఇంట్లో ఎవరైనా చూస్తారేమోనని దానికి 'ప్లంబర్' అని పేరు పెట్టాను. పొద్దున తల పగిలిపోతుంటే ఇవాళ వెళ్లాల్సిందే అనుకోవడం, సాయంత్రానికి 'మరీ అంత ముదిరిపోలేదులే' అనిపించడం, ఆ ధీమాతోనే ఒక పెగ్గు పోసుకోవడం. నాలుగు నెలలూ ఇదే తంతు.

చివరికి ఒకరోజు ఫోన్ చేశాను. ఎత్తినాయన కూడా ఒకప్పుడు తాగినవాడేనట. నా పేరు అడగలేదు. రోజుకి ఎంత తాగుతున్నారు, ఎన్నాళ్లుగా అని అడిగి, "ఒక్కసారిగా ఆపేయకండి, ముందు డాక్టర్‌ని కలవండి" అన్నాడు. అప్పుడు నాకది అతిజాగ్రత్త అనిపించింది. కాదు. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణకడంతో సరిపోదు, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి మతి తప్పి లేనివి కనపడటం మొదలై ప్రాణం మీదకి రావచ్చు. మీటింగ్ మందులకి బదులు కాదు, దయచేసి ఈ ఒక్క విషయంలో హీరోయిజం వద్దు.

ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ మీటింగ్ మాత్రం తాగుడు సమస్య ఉండి మానాలనుకునే వాళ్లకే అని కూడా ఆయనే చెప్పాడు. ఫీజు లేదు, ఫారం లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. చివర్లో ఒక సంచీ తిప్పుతారు, ఇష్టమైతే వేస్తారు, కొత్తవాళ్లని వెయ్యొద్దనే అంటారు. ఖర్చులకి బయటివాళ్ల విరాళాలు తీసుకోరు.

మొదటి మీటింగ్ నాకు అస్సలు నచ్చలేదు. వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నాను. ఒక్కొక్కరూ పేరు చెప్పి 'నేను ఆల్కహాలిక్‌ని' అంటుంటే ఒళ్లు ముడుచుకుపోయింది. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు, తప్పు పట్టరు, వింటారంతే. నాకేమో ఆ నిశ్శబ్దం కోర్టులా అనిపించింది. పైగా తాగుడు మానడానికి ఏఏ వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట వస్తుంది. 'మనకి అర్థమైన మేరకు దేవుడు' అంటారు, నమ్మకం లేనివాళ్లు గ్రూపునే తమకన్నా పెద్ద శక్తి అనుకుంటారు, అయినా నాకు చిరాకేసింది. ఆ సంగతి అస్సలు పడనివాళ్లకి స్మార్ట్ రికవరీ అని ఇంకో సంస్థ ఉంది, 1994లో మొదలైంది, దేవుడి ప్రసక్తి లేకుండా ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకునే పద్ధతుల మీద నడుస్తుంది, అక్కడ ఒకరితో ఒకరు చర్చించుకోవచ్చు కూడా. ఆన్‌లైన్‌లో అదీ చూశాను. బాగుంది. నాకెందుకో మనుషులున్న గది కావాలనిపించి వేరే ఏఏ గ్రూపుకి వెళ్లాను, అది కుదిరింది. ఒక గ్రూపు నచ్చకపోతే మొత్తం వ్యవహారమే దండగ అనుకోకండి, ఒక్కో గ్రూపుది ఒక్కో వాతావరణం.

అక్కడ పదకొండేళ్లుగా చుక్క ముట్టని ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి "మీరు రావడం నాకు మంచిదైంది" అన్నాడు. ఏదో మర్యాదకి అన్నాడనుకున్నాను. తర్వాత ఈ ఏఏ ఎలా పుట్టిందో చదివితే అర్థమైంది. 1935లో, తాగుడు మానిన బిల్ విల్సన్ అనే ఆయన వ్యాపారం పని మీద అమెరికాలోని ఏక్రన్ వెళ్లాడు. పని చెడింది, తాగాలని ప్రాణం లాగేస్తోంది. అప్పుడాయన తనని ఓదార్చే మనిషి కోసం కాదు, తనలాంటి ఇంకో తాగుబోతు కోసం వెతికాడు. డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు. అవతలి మనిషితో మాట్లాడుతూ తను తాగకుండా నిలబడటం, ఉన్న కిటుకంతా ఇదే. నేను వెనక వరసలో వణుకుతూ కూర్చోవడం కూడా ఎవరికో ఆసరా అయిందన్నమాట!

ఇదంతా సెంటిమెంటేనా అని నాకూ అనుమానం వచ్చింది. 2020లో, వైద్య పరిశోధనల్ని కలిపి జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ వాళ్లు 27 అధ్యయనాల్ని, 10,565 మందిని పరిశీలించారు. పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపించిన చికిత్సల్లో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు 42 శాతం, మిగతా చికిత్సల్లో 35. అంటే సగానికి పైగా మళ్లీ తాగారనేగా అంటారా, అవును. నేనూ వాళ్లలో ఒకణ్ని.

ఐదు నెలలయ్యాక స్లిప్ అయ్యాను. పెద్ద కారణమేం లేదు, ఒంటరిగా ఉన్నాను, ఆకలిగా ఉన్నాను, ఎవరిమీదో కోపంగా ఉన్నాను. స్పాన్సర్‌కి, అంటే ఏఏలో నాకు దారి చూపే పాత సభ్యుడికి, ఫోన్ చేయాల్సింది, చేయలేదు. మూడు వారాలు మొహం చాటేశాను. తిరిగి వెళ్లిన రోజు ఎవరైనా ఏదైనా అంటారని గుండె దడదడలాడింది. పెద్దాయన పక్క కుర్చీ మీది సంచీ తీసి కింద పెట్టాడు, అంతే. చెయ్యెత్తి తాగకుండా ఉండటం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇచ్చే మొదటిరోజు బిళ్ల మళ్లీ తీసుకున్నాను.

పోయిన వారం ఒక కుర్రాడొచ్చాడు. తలుపు పక్కనే కూర్చుని మాటిమాటికీ టైం చూసుకున్నాడు. వెళ్లేటప్పుడు నా నంబర్ ఇచ్చి, ఇంట్లో ఇబ్బందైతే ప్లంబర్ అని పెట్టుకోమన్నాను. నవ్వాడు. ఇంకా ఫోన్ చేయలేదు.