స్టెతస్కోప్ పెట్టకుండానే తేల్చేశారు

నాకున్నది ఆస్తమా అని నిన్ననే తేలింది. ఇన్‌హేలర్ మొదలుపెట్టాను. ఇన్నాళ్లూ ఎందుకు తేలలేదో ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

లావుగా ఉన్నవాళ్లకు మెట్లెక్కితే వచ్చే ఆయాసం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది వేరు. తెల్లవారుజామున ఛాతీ పట్టేసి పిల్లికూతలతో మెలకువ వచ్చేది. ఒక వారమంతా ఏమీ ఉండేది కాదు. తర్వాత కాస్త దుమ్ము తగిలితే చాలు, మళ్లీ మొదలు. నా బరువు మాత్రం రెండు వారాల్లోనూ ఒకటే!

అపాయింట్‌మెంట్ సులువుగానే దొరికింది. నర్సు బరువు చూసి, వరండాలో అందరికీ వినబడేలా చదివింది. లోపల డాక్టర్ గారు చీటీలో ఆ అంకె చూశారు. నేను పిల్లికూతల గురించి చెబుతుంటే మధ్యలోనే ఆపి, "ముందు బరువు తగ్గండి, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు. నడవాలంటేనే ఊపిరి ఆడటం లేదండీ అంటే, "ఏం తింటారో నాకు తెలుసులెండి" అని పక్కనున్న జూనియర్ వైపు చూసి నవ్వారు. ఆ పిల్లాడూ నవ్వాడు. మెడలో వేలాడుతున్న స్టెతస్కోప్ నా వీపు దాకా రాలేదు. వేలికి ఆక్సిజన్ క్లిప్పు కూడా పెట్టలేదు. చీటీ మీద రాసింది ఒక్కటే: బరువు తగ్గాలి. బయటికొచ్చి మెట్ల దగ్గర ఏడ్చాను.

బరువు వల్ల ఆయాసం రాదని నేను అనడం లేదు. పొట్ట డయాఫ్రమ్‌ను (ఊపిరితిత్తుల కింద ఉండే కండరాన్ని) పైకి నెడితే ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోవు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు రావచ్చు. కొందరికి పగలు కూడా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా నిలిచిపోతుంది. కానీ వీటికీ పరీక్షలున్నాయి కదా? కారణం బరువే అని నిజంగా నమ్మి ఉంటే స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష) అయినా రాయాలి. బరువు పేరు చెప్పి అసలు చూడకుండా పంపేయడాన్ని వైద్యం అనరు.

తర్వాత ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ వీపు మీద విని వెంటనే స్పైరోమెట్రీ రాశారు, అంటే ఊపిరితిత్తుల్లోంచి ఎంత గాలి ఎంత వేగంగా వస్తోందో కొలిచే పరీక్ష. గొట్టంలోకి గట్టిగా ఊదాలి, మందు పీల్చాక కొంతసేపు ఆగి మళ్లీ ఊదాలి. చాలామందికి మొదట కుదరదట, నేను మొదటిసారే సరిగ్గా ఊదానని టెక్నీషియన్ మెచ్చుకుంది. ఒట్టి బరువే కారణమైతే మొదటి సెకనులో ఊదే గాలి, మొత్తం గాలి రెండూ దాదాపు కలిసే తగ్గుతాయట. నాకు మొదటి సెకను గాలే బాగా తక్కువగా ఉంది, మందు తర్వాత 12 శాతానికి, 200 మిల్లీలీటర్లకు మించి పెరిగింది. మందుతో అలా పెరగడం ఆస్తమాకు గుర్తట.

మిమ్మల్నీ ఇలాగే పంపేస్తుంటే, "సన్నగా ఉన్న మనిషి ఇవే లక్షణాలతో వస్తే ఏ పరీక్షలు రాస్తారు?" అని మొహం మీదే అడగండి. ఆయాసం ఏ వేళకు, దేనివల్ల వస్తోందో రాసిపెట్టుకోండి. ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోయినా, దాంతోపాటు ఛాతీ నొప్పి, ఒక కాలి వాపు ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కావచ్చు, లావుగా ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ.

బరువు మాట ఈ ఊపిరితిత్తుల డాక్టరూ ఎత్తారు, కాకపోతే మందు రాశాక. ఊపిరి కుదుటపడ్డాక నడక మొదలుపెడదామన్నారు. సరేనన్నాను.