సర్ఫింగ్ క్లాసులు మన పిల్లలకు అక్కర్లేదా?

శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న మా బే ఏరియాలో వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు, తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు: సర్ఫింగ్‌కి క్లాసులెందుకండీ, బోర్డు అద్దెకు తీసుకుని నాలుగు వీడియోలు చూస్తే పిల్లలకు అదే వచ్చేస్తుంది కదా అని. నేనైతే క్లాసు కావాలనే చెప్తాను, మనలాంటి ఇళ్ల పిల్లలకు మరీ కావాలి. ఇక్కడ సముద్రం పక్కన పుట్టి పెరిగిన పిల్లలకు నాన్నో, మేనమామో, పక్కింటి అన్నో ఉంటారు, నడక వచ్చిన దగ్గర్నుంచి వాళ్లతో నీళ్లలో తిరుగుతూ ఏ అల ఎటు పోతుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే తెలుసుకుంటారు. మన పిల్లలకు అలా చెప్పేవాళ్లెవరు? నేను వైజాగ్‌లో, ఆర్కే బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరంలో పెరిగాను, అయినా మోకాళ్లు దాటి దిగింది లేదు, దిగనిచ్చిందీ లేదు. సెలవులకని వచ్చిన కాలేజీ కుర్రాళ్లు కొట్టుకుపోయారన్న వార్తలు చదువుతూ పెరిగినవాళ్లం, మా అమ్మ భయంలో తప్పేం లేదు. మావారిది ఖమ్మం, మున్నేరులో ఈత నేర్చుకున్న మనిషి. ఏటి నీళ్లంటే తెలుసు గానీ సముద్రం సంగతి ఆయనకూ కొత్తే.

చాలామంది అనుకునేది, క్లాసంటే బోర్డు మీద నిలబడడం నేర్పడం అని. అది నిజానికి వీడియోలు చూసి, ఇంట్లో కార్పెట్ మీద ప్రాక్టీస్ చేసినా కొంత వస్తుంది. డబ్బులు పెట్టాల్సింది నీళ్లను చదవడం నేర్పినందుకు. మా అమ్మాయి మొదటి క్లాసులో టీచర్ పిల్లల్ని బోర్డు ముట్టుకోనివ్వకుండా ఇసుకలో కూర్చోబెట్టి, చాలాసేపు ఊరికే అలలు చూడమన్నాడు. తర్వాత వేలు చూపించి, ఇక్కడున్న వాటిలో ఏ చోటు నెమ్మదిగా ఉందని అడిగాడు. రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో మాత్రం అలలు విరగకుండా నున్నగా, కాస్త ముదురు రంగులో ఒక దారి ఉంది. పిల్లలందరూ దాన్నే చూపించారు. వెనక నిలబడి వింటున్న నేనూ మనసులో అదే అనుకున్నాను. తీరా చూస్తే ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదేనట, రిప్ కరెంట్ అనేది దాన్నే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదుతూ అలిసిపోకూడదు, బోర్డు వదలకుండా పక్కకి, ఒడ్డుకు సమాంతరంగా పోవాలి, చెయ్యెత్తి సాయం అడగాలి. నేను అన్నేళ్లు సముద్రం పక్కన బతికినా ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

పడడం కూడా నేర్పిస్తారు. తలకిందులుగా దూకకుండా వెడల్పుగా పడాలి, పైకి వచ్చేటప్పుడు చేతులు తలకు అడ్డం పెట్టుకోవాలి, బోర్డు ఎప్పుడూ మనకీ అలకీ మధ్యలో ఉండకూడదు, ఉంటే అల దాన్ని తెచ్చి మన మొహానికే కొడుతుంది. ఇంకా మర్యాదలుంటాయి: అల విరిగే చోటుకి ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వాళ్లది, మధ్యలో దూరకూడదు. ఇది తెలియక దూరిన కొత్త పిల్లల మీద పెద్దవాళ్లు అరవడం చూశాను, అసలే వేరుగా కనిపించే పిల్ల ఆ అరుపుకి ఇంకోసారి నీళ్ల మొహం చూడదు, అది నాకు ఇష్టం లేదు.

గ్రూపు క్లాసంటే సుమారుగా వంద డాలర్ల పైమాటే, తక్కువేం కాదు. అందుకని ఏళ్ల తరబడి అక్కర్లేదు. రెండు మూడు క్లాసులయ్యాక బోర్డు, వెట్‌సూట్ (నీళ్లలో చలి ఆపే రబ్బరు డ్రెస్సు) అద్దెకు తీసుకుని నడుంలోతు నురగలో ప్రాక్టీస్ చేసుకోవచ్చు, ఒంటరిగా మాత్రం వద్దు. బోర్డు ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్‌ది అయితేనే మంచిది, పొట్టి బోర్డు చూడ్డానికి బాగుంటుంది గానీ కొత్తవాళ్లను నిలబడనివ్వదు. నీళ్లు వేసవిలో కూడా చల్లగా కోసేస్తాయి, వెట్‌సూట్ లేకుండా పిల్లల్ని దింపొద్దు. ముందు స్విమ్మింగ్ పూల్‌లో ఈత బాగా రావాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఎక్కడ అంటే, శాంటా క్రూజ్‌లో వార్ఫ్ (సముద్రంలోకి కట్టిన రేవు వంతెన) పక్కనున్న కవెల్స్ బీచ్. లైట్‌హౌస్ ఉన్న కొండచరియ అడ్డుండడం వల్ల పెద్ద అలల జోరు అక్కడికొచ్చేసరికి తగ్గిపోయి, మెల్లగా, పొడుగ్గా సాగుతాయి. లో టైడ్, అంటే సముద్రం వెనక్కి తగ్గే సమయం చూసుకుని వెళ్లండి, నీరు బాగా పెరిగితే అక్కడ నేర్చుకునేవాళ్లకు పని జరగదు. కొంచెం అవతలే స్టీమర్ లేన్, అది చేయి తిరిగినవాళ్ల చోటు, ఒడ్డున నిలబడి చూస్తే చాలు. శాన్ ఫ్రాన్సిస్కో వైపు ఉండేవాళ్లకైతే పసిఫికాలో లిండా మార్, కింద ఇసుకే, దక్షిణం చివర అలలు చిన్నవి. శీతాకాలంలో మాత్రం అక్కడా పెద్దవే వస్తాయి. ఊళ్లోనే ఉంది కదా అని ఓషన్ బీచ్‌కి తీసుకెళ్లకండి, అక్కడి రిప్ కరెంట్లు అనుభవం ఉన్నవాళ్లనే తిప్పలు పెడతాయి.

శాంటా క్రూజ్ వెళ్లినప్పుడు పిల్లలకు 1885 సంగతి చెప్పండి. శాన్ మటేయోలో మిలటరీ స్కూల్లో చదువుకోవడానికి వచ్చిన ముగ్గురు హవాయి రాకుమారులు, శాన్ లొరెంజో నది సముద్రంలో కలిసే చోట, ఇక్కడి రెడ్‌వుడ్ చెక్కతో బోర్డులు చేయించుకుని అలలెక్కారు. అమెరికా ప్రధాన భూభాగంలో సర్ఫింగ్ గురించి దొరికే తొలి కబురు అదే. ఇల్లు వదిలి దూరం వచ్చిన పిల్లలే తమ ఆటను వెంట తెచ్చుకుని, ఇక్కడి చెట్టుతో ఆడారు. మా అమ్మాయికి ఈ కథ చాలా ఇష్టం. ఈ ఆట తనది కాదేమో, ఎవరో ఇచ్చిన చోట ఆడుతున్నానేమో అన్న బెరుకు దానికి కొంత ఉండేది, అది ఈ కథ విన్నాక తగ్గింది.

ఇంటి నుంచి వచ్చే మాట ఇంకోటుంది. వీడియో కాల్‌లో మా అమ్మ దాన్ని చూడగానే, "ఎంత నల్లబడిపోయావే, ఆడపిల్లవి, ఇంక ఆ ఎండలోకి వెళ్లకు" అంటుంది. అమ్మంటే నాకు ప్రాణం, కానీ ఈ మాట దగ్గర ఊరుకోను. పిల్ల వినేలాగే చెప్తాను, ఎండకి సన్‌స్క్రీన్ రాస్తున్నాం, రంగు గురించి మాత్రం దాని ముందు అనొద్దమ్మా అని. నీళ్ల గురించి అమ్మ అడిగితే మాత్రం విసుక్కోను, క్లాసులో ఏం చెప్పారో పిల్ల చేతే అమ్మమ్మకి చెప్పిస్తాను, దాని తెలుగు ఆ వంకన ఎంత బాగుపడిందో! శనివారం తెలుగు క్లాసు మానేసి బీచ్‌కి వెళ్తానంటే కుదరదన్నాం, ఆదివారం అంతా సముద్రానిదే.

డిసెంబర్లో వైజాగ్ వెళ్తున్నాం, రుషికొండలో సర్ఫింగ్ చేస్తానని ఇప్పటినుంచే గొడవ. అక్కడా నేర్పేవాళ్లున్నారు కాబట్టి సరే అన్నాను, కానీ కవెల్స్‌లో వచ్చింది కదా అని నేరుగా దిగడానికి లేదు. ఆ తీరం, ఆ అలలు దానికి కొత్త. మొదటిరోజు అక్కడివాళ్ల దగ్గర మళ్లీ క్లాసే.