టోక్యోలో మనిషి డాక్: ధర వెనుక ఉన్న లెక్క

విశాఖ షిప్‌యార్డులో ఓడల మరమ్మతులకు అంచనాలు వేసే విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విరమించాను. కిందటేడు వసంతకాలంలో టోక్యోలో ఉన్న మా అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, ఈసారి వచ్చినప్పుడు మీకు నింగెన్ డాక్ చేయిద్దాం" అన్నాడు. నింగెన్ అంటే మనిషి. డాక్ అంటే నేను జీవితమంతా చూసిన డాకే. సముద్రం తిరిగి వచ్చిన ఓడను డ్రై డాక్‌లో నిలబెట్టి, నీళ్లు తోడేసి, అడుగుభాగం మొత్తాన్ని పరీక్షించినట్లు మనిషిని ఒక రోజంతా కూర్చోబెట్టి ఆపాదమస్తకం పరీక్షించడానికి జపాన్ వాళ్లు పెట్టుకున్న పేరు అది. 1954లో టోక్యోలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పద్ధతి మొదలైంది. తొలినాళ్లలో దీనికోసం ఆసుపత్రిలో కొన్ని రోజులు ఉండవలసి వచ్చేది. ఆ పేరు వినగానే నాకు దాని మీద ఒక ఆత్మీయత కలిగింది. వెంటనే, నా వృత్తి నేర్పిన ప్రశ్న కూడా నాలుక మీదికి వచ్చింది: ఎంతవుతుంది?

అబ్బాయి పంపిన ధరల పట్టికలో ఒక రోజు కోర్సుకు 48,000 యెన్‌లు అని ఉంది. అప్పటి మారకం రేటు ప్రకారం వంద యెన్‌లకు సుమారు 57 రూపాయలు, కాబట్టి దాదాపు 27,400 రూపాయలు. అంతకు ముందు ఏడాది విశాఖలో నేను చేయించుకున్న పూర్తి ఆరోగ్య పరీక్షకు 6,500 రూపాయలైంది. నాలుగు రెట్లు ఎక్కువే అయినా, జీర్ణాశయ పరీక్ష విశాఖ ప్యాకేజీలో లేదు, జపాన్ కోర్సులో ఉంది. ఉదరంలో అప్పుడప్పుడు మంట ఉండేది కనుక సరేనన్నాను. అయితే ఓడ యజమానికి మేము మొదట పంపే కాగితం మీద డాక్‌లోకి తెచ్చి బయటికి పంపే రుసుము మాత్రమే ఉంటుందనీ, రోజువారీ అద్దె, తుప్పు గీకడం, రంగు, మార్చవలసిన ఉక్కు పలకలు, తెరిచి చూశాక బయటపడే అదనపు పని అన్నీ తర్వాత వేరువేరుగా చేరతాయనీ ఎరిగిన నేను, ఈ 48,000 కూడా అటువంటి మొదటి కాగితమేనని ఆ క్షణంలోనే ఊహించి ఉండవలసింది.

మా ఆవిడా నేనూ సింగపూర్ మీదుగా నరిటా విమానాశ్రయంలో దిగాము. అబ్బాయి వాళ్లుండేది ఎదొగావా వార్డులోని నిషి కసాయ్‌లో. భారతీయులు ఎక్కువగా నివసించే ప్రాంతం కావడం వల్ల సాయంత్రం వేళ పార్కులో తెలుగు వినబడటం మా ఆవిడకు పెద్ద ఊరట. మొదటి వారం గడిచాక ఆసుపత్రి నుంచి తపాలాలో ఒక కవరు వచ్చింది. అందులో జపనీస్‌లో నాలుగు పేజీల ప్రశ్నావళి, రెండు వేరు వేరు రోజుల మల నమూనాలు తీయడానికి రెండు చిన్న గొట్టాలు ఉన్నాయి. కోడలు ఓపికగా ఒక్కో ప్రశ్న చదివి, "మామయ్యగారూ, మీ నాన్నగారికి గుండెజబ్బు ఉండేదా?" అని అడుగుతూ నింపింది. నమోదు ఖరారు చేయడానికి ఆసుపత్రికి ఫోన్ చేసినప్పుడు గాని మాకు తెలియలేదు, జపనీస్ రాని వాళ్లు అనువాదకుణ్ని తప్పనిసరిగా వెంట తెచ్చుకోవాలనీ, బంధువుల అనువాదాన్ని వాళ్లు అంగీకరించరనీ. ఆసుపత్రే ఏర్పాటు చేసే అనువాదకురాలికి మూడు గంటలకు 16,500 యెన్‌లు. ధరల పట్టికలో ఈ మాట ఎక్కడా లేదు.

ఈ నియమం మొదట నాకు కోపం తెప్పించింది. పరీక్ష రోజున ఆ కోపం చాలావరకు తగ్గింది. ముందురోజు రాత్రి తొమ్మిది తర్వాత ఏమీ తినకుండా ఉదయం ఎనిమిదికి చేరాము. అంకె ఉన్న తాళం చెవి, వేసుకోవడానికి వదులు దుస్తులు ఇచ్చి ఒక గది నుంచి మరో గదికి క్రమం తప్పకుండా పంపుతూ పోయారు: రక్తం, కంటిచూపు, కంటి ఒత్తిడి, వినికిడి, ఊపిరితిత్తుల సామర్థ్యం, ఇ.సి.జి., పొట్ట అల్ట్రాసౌండ్. నడుము చుట్టుకొలత కూడా తీశారు. 2008 నుంచి ఆ దేశంలో మగవారికి 85, ఆడవారికి 90 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఆరోగ్య సలహాల జాబితాలోకి చేర్చడానికి పరిశీలిస్తారట. చివరిది బేరియం పరీక్ష, అంటే జీర్ణాశయానికి తీసే ఎక్స్‌రే. ముందు గాలి పుట్టించే గుళికలు మింగించి త్రేన్చవద్దన్నారు, తర్వాత సుద్దలాంటి తెల్లటి ద్రవం తాగించి, వాలుతూ లేస్తూ ఉండే బల్ల మీద కుడికి తిరగండి, ఎడమకు తిరగండి, బోర్లా పడుకోండి అని మైకులో వరుసగా ఆదేశాలు. ఆ ఆదేశాల్లో ఒక్కటి తప్పుగా అర్థమైనా చిత్రం చెడుతుంది, మనిషి పడే ప్రమాదమూ ఉంది. అనువాదకురాలి గొంతు ఆ గదిలో లేకపోతే నా పరీక్ష జరిగేది కాదు. ఆ రుసుము న్యాయమైనదే. దాన్ని ధర పక్కనే రాయకపోవడం మాత్రం న్యాయం కాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

చెల్లింపు కౌంటర్ దగ్గర అర్థమైన మరో విషయం పన్ను. జపాన్‌లో ఆరోగ్య బీమా కింద చేసే వైద్యానికి వినియోగపు పన్ను లేదు. జబ్బు లేని మనిషి ముందుజాగ్రత్తగా చేయించుకునే పరీక్ష బీమా పరిధిలోకి రాదు కనుక దాని మీద పది శాతం పన్ను పడుతుంది. అంటే జపాన్ పౌరుడైనా ఈ డాక్‌కు బీమా నుంచి డబ్బు రాదు. అతనికి యాజమాన్యమో, స్థానిక సంస్థో కొంత సాయం చేయవచ్చు, ప్రయాణికుడికి ఆ సాయం ఉండదు. మేము మన దేశంలో కొనుక్కున్న ప్రయాణ బీమా కూడా హఠాత్తుగా వచ్చే జబ్బుకూ ప్రమాదానికీ గాని, ఇలాంటి పరీక్షకు వర్తించదు. నివేదిక మూడు వారాల్లో జపనీస్‌లో వస్తుంది, ఇంగ్లీషు ప్రతికి 11,000, చిత్రాల సీడీకి 1,100. పన్నుతో కలిపి 52,800, అనువాదకురాలు, ఇంగ్లీషు నివేదిక, సీడీ అన్నీ కూడితే 81,400 యెన్‌లు. కార్డు మీద బ్యాంకు వేసిన విదేశీ మారకం రుసుము మూడున్నర శాతం కూడా చేరితే 48,000 రూపాయలు. ఒక అంచనా ఇంత పెరిగితే మా విభాగంలో ఓడ యజమానికి సంజాయిషీ రాసుకోవలసి వచ్చేది.

నివేదిక కోసం ఎదురుచూసే రోజుల్లో ఒక ఆదివారం యోకోహామా వెళ్లాము. అక్కడి మినతో మిరాయ్ అనే రేవు ప్రాంతంలో ల్యాండ్‌మార్క్ టవర్ పాదాల దగ్గర పాత రెండో నంబరు డాక్‌ను, రాళ్లు విడదీసి తిరిగి పేర్చి, జనం కూర్చునే ఆవరణగా మార్చారు. కాస్త దూరంలో మొదటి నంబరు డాక్‌లో 1930 నాటి శిక్షణ నౌక నిప్పన్ మారు తెరచాపల స్తంభాలతో నిలబడి ఉంది. మెట్లు మెట్లుగా దిగే ఆ రాతి గోడల మీద చేయి వేసి చాలాసేపు నిలబడ్డాను. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సరకు ఓడ అడుగుభాగాన్ని అయిదేళ్లలో కనీసం రెండుసార్లు పరీక్షించాలి, రెండింటి నడుమ 36 నెలలు దాటకూడదు. యజమానులు ఆ ఖర్చును మొదటి నుంచే ఓడ నడిపే ఖర్చులో కలుపుకొంటారు. నా ఉద్యోగకాలంలో ఎందరు యజమానుల చేత ఆ ఖర్చు ఒప్పించానో లెక్కలేదు, నా సొంత ఒంటికి మాత్రం అరవై దాటేదాకా ఒక పద్దు రాసుకోలేదు. ఆ మాట మా ఆవిడతో అంటే, ఆమె తన పరీక్ష ఎప్పుడని అడిగింది. అందుకు నా దగ్గర జవాబు లేకపోయింది. తిరిగివచ్చిన నెలలోనే విశాఖలో ఆమెకు చేయించాను.

నివేదికలో ప్రతి అవయవానికీ ఒక అక్షరం ఇస్తారు. ఏ అంటే దోషం లేదు, బి అంటే స్వల్పం, సి అంటే మళ్లీ చూడాలి, డి అంటే లోతైన పరీక్షో చికిత్సో కావాలి, ఇ అంటే ఇప్పటికే చికిత్సలో ఉంది. రక్తపోటుకు మందు వాడుతున్నాను కాబట్టి దానికి ఇ వచ్చింది. జీర్ణాశయం దగ్గర డి ఉంది. పొర ముడతల్లో తేడా కనిపించిందనీ, ఎండోస్కోపీ, అంటే గొట్టం పంపి లోపల చూసే పరీక్ష, చేయించాలనీ రాశారు.

ఖర్చు లెక్కలో అసలు బరువు ఉన్నది ఇక్కడే. జపాన్‌లో ప్రతి వైద్య సేవకూ పాయింట్లు నిర్ణయించి ఉంటాయి, బీమా ఉన్నవాడికి ఒక పాయింటు పది యెన్‌లు. జీర్ణకోశం పైభాగపు ఎండోస్కోపీకి అప్పట్లో 1,140 పాయింట్లు, అంటే 11,400 యెన్‌లు. అందులో మా అబ్బాయిలాంటి వాడు కట్టేది 30 శాతం. బీమా లేని విదేశీయుడి దగ్గర ఆసుపత్రి తనకు నచ్చిన రేటు తీసుకోవచ్చు, రెట్టింపు, మూడు రెట్లు తీసుకునే చోట్లూ ఉన్నాయి. మేము అడిగిన చోట పాయింటుకు 20 యెన్‌లన్నారు. తొలి సంప్రదింపు, జీర్ణాశయపు పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం, మళ్లీ అనువాదకురాలు, ఫలితం కోసం మరో రెండు వారాలు దీనికి చేరతాయి. తీవ్రమైన జబ్బు బయటపడితే బిల్లు ఎక్కడ ఆగుతుందో చెప్పలేము. అప్పటి నియమం ప్రకారం రెండు లక్షల యెన్‌లు, ఆపైన వైద్య బకాయి మిగిల్చి వెళ్లిన విదేశీయుల వివరాలు వలస శాఖకు చేరేవి, తర్వాత ఆ దేశంలోకి ప్రవేశం నిరాకరించే వీలుండేది. అబ్బాయి ఎంత చెప్పినా వినకుండా ఎండోస్కోపీ విశాఖలోనే చేయించుకుంటానన్నాను. తిరుగు ప్రయాణానికి పదకొండు రోజులే మిగిలి ఉన్నందువల్ల ఆ ఆలస్యం నాకు భయం కలిగించలేదు.

విశాఖలో జీర్ణకోశ వైద్యుడు సీడీ తెరిచి, బేరియం చిత్రాలు ఒక్కొక్కటే చూస్తూ, ఇంత శుభ్రమైన చిత్రాలు ఈ మధ్య చూడలేదన్నారు. ఎండోస్కోపీకి, ముక్క పరీక్షకు కలిపి 5,200 రూపాయలైంది. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉందని తేలింది, పద్నాలుగు రోజులు మందులు వాడాను. నెల రోజుల తర్వాత చేసిన పరీక్షలో అది పోయింది. ఒసాకాలో కూతురు దగ్గరికి వెళ్లబోతున్న పాత సహోద్యోగి ఒకరు మొన్న ఇంటికి వచ్చి, అక్కడ నింగెన్ డాక్ ఎంతవుతుందని అడిగారు. 48,000 అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రసీదులన్నీ తెచ్చి ఆయన ముందు బల్ల మీద వరుసగా పేర్చాను, విశాఖలో కట్టిన 5,200 రసీదుతో సహా.